తుంబురుతీర్థము - శ్రవణమహిమ

కలియుగవైకుంఠమని కీర్తింపబడు తిరుమల కొండల పాదమున తిరుపతి నేడు పెద్ద నగరమై విస్తరించినది. రైళ్లలోను, బస్సులలోను, విమానములలోను దినదినము వేలాది యాత్రికులు అచటికి చేరుచున్నారు. శ్రీవారి దర్శనము చేసికొనిన కుటుంబములలో పెక్కు మంది మరునాటి ఉదయమున ఒక జీపునో, కారునో కుదుర్చుకొని ఆకాశగంగ, పాపవినాశనము, శిలాతోరణము మున్నగు స్థలములను తిరిగి వచ్చుట పరిపాటి. వానలు కురిసి కపిలతీర్థము చెంత కొండ కొమ్మునుండి జలధార దుమికినపుడు చూడవచ్చు జనమునకు లెక్క యుండదు. యాత్ర ముగించి ఇల్లు చేరిన పిమ్మట, "ఏమేమి చూచి వచ్చితిరి?" అని ఇరుగుపొరుగు వారు అడుగుదురు. "ఏమి విని వచ్చితిరి?" అని అడుగువారు మాత్రము అరుదు. ఆ రెండవ ప్రశ్నను తప్పక అడుగవలసిన తీర్థమొకటి ఆ కొండలలోనే కలదు. అది తుంబురుతీర్థము.

కోన స్వరూపము

శేషాచలమునందు పుణ్యతీర్థములు అసంఖ్యాకములుగా నున్నవని పురాణములు చెప్పుచున్నవి. వానిలో స్వామిపుష్కరిణి, కుమారధార, తుంబురుతీర్థము, రామకృష్ణతీర్థము, ఆకాశగంగ, పాపవినాశనము, పాండవతీర్థము అను ఏడును ముఖ్యములని పెద్దలు పరిగణించినారు. వీనిలో కొన్నిటికి వాహనములు పోవును. తుంబురుతీర్థమునకు మాత్రము కాళ్లే వాహనములు. పాపవినాశనమువరకు మోటారు దారి కలదు. అచటినుండి అడవిలో సుమారు 7 కిలోమీటర్లు నడువవలెను. రాళ్లమీద ఎక్కుచు దిగుచు, వాగులు దాటుచు, చెట్ల వేళ్లను పట్టుకొనుచు పోవు దారి అది.

ఆ దారి చివర కొండ నిలువునా రెండుగా చీలినట్లు కనబడును. ఇరుప్రక్కల ఆకాశమునంటు రాతిగోడలు. నడుమ సన్నని కోన. కోన అడుగున చల్లని నీరు. పైకి చూచిన ఆకాశము ఒక నీలిపట్టీవలె నుండును. నడినెత్తికి వచ్చినపుడు తప్ప సూర్యుని వెలుగు అడుగువరకు దిగదు. ఆ నీటిలో దిగి ముందునకు పోగా కోన కొసన జలధార దుముకుచుండును. అదియే తుంబురుతీర్థము. పురాణములలో దీనికి ఘోణతీర్థమను పేరు కూడ కలదు.

సూర్యుడు మీనరాశిలో నుండగా ఉత్తరఫల్గునీ నక్షత్రముతో కూడిన పూర్ణిమ ఈ తీర్థమునకు ముక్కోటి దినము. ఆనాడు సమస్త తీర్థములును వచ్చి ఇందు కలియునని విశ్వాసము. వేలకొలది భక్తులు ఆనాడు గోవిందనామము పలుకుచు కోనకు నడచిపోవుదురు. దారిలో దేవస్థానమువారు అన్నప్రసాదమును, మజ్జిగను, త్రాగునీటిని పంచుదురు. దక్షిణదేశమున పంగుని ఉత్తరమని ప్రసిద్ధమైన పర్వము కూడ ఇదియే. శ్రీరంగమున భగవద్రామానుజులు దివ్యదంపతుల యెదుట శరణాగతి చేసినది ఈ పుణ్యదినముననే యని శ్రీవైష్ణవ సంప్రదాయము. కావున ఈ స్నానము వెనుక శరణాగతి భావము దాగియున్నదని గ్రహింపవలెను.

ఈ కోన ఎట్లేర్పడినదని భూవిజ్ఞానులను అడిగినచో వారు చెప్పు సమాధానము కూడ భక్తునకు ఉపకరించునదే. తిరుమల కొండల పైభాగము క్వార్ట్‌జైట్ అను మిక్కిలి గట్టి శిల. ఒకప్పటి ఇసుక పొరలు పొరలుగా పేరుకొని, అణగి, గట్టిపడి ఈ శిలగా మారినది. దీని వయస్సు 150 కోట్ల సంవత్సరములకు పైబడినది. దీని క్రింద అంతకంటె ఎంతో పురాతనమైన గ్రానైటు శిల కలదు. ఆ రెండు శిలలును కలియు సంధి తిరుమల కనుమదారిలో స్పష్టముగా కనబడును. దానిని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ స్మారకముగా గుర్తించినది. ఆ సంధిలో ఒక శిలకును మరియొక శిలకును నడుమ కోట్లాది సంవత్సరముల ఎడము కలదు. కారులో పోవు యాత్రికుడు దానిని ఒక్క నిమిషములో దాటిపోవును.

క్వార్ట్‌జైటు ఉలికి కూడ లొంగని రాయి. అయినను దానిలో నిలువు పగుళ్లు ఉండును. వాననీరు ఆ పగుళ్లలో దిగి, ఏండ్ల తరబడి ఒరసి, వానిని వెడల్పు చేసి, తుదకు కోనగా మలచినది. ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్య ఋతుపవనము తెచ్చిన వర్షము అడవి నేలలోను, రాతి నెరియలలోను ఇంకి, మెల్లమెల్లగా ఊరుచుండును. అందుచేతనే ఎండలు ముదురు ఫాల్గునమాసమునకును కోనలో నీరు నిలిచియుండును. గట్టి శిలలో కోన ఏర్పడుటకు చిన్న పగులు చాలినది. గట్టిపడిన మనస్సులో భగవత్కథ ప్రవేశించుటకును అట్టి సందు ఒకటి చాలును. ఆ సందు చెవియే యని ఈ తీర్థమహిమను చెప్పు రెండు పురాణగాథలును బోధించుచున్నవి.

గంధర్వుని పతనము

తుంబురుడు గంధర్వశ్రేష్ఠుడు. నారదుని వీణ మహతి యైనట్లే తుంబురుని వీణ కళావతి. వారిరువురును శ్రీహరి గుణములను గానము చేయుచు లోకములు తిరుగువారు. ఒకప్పుడు తుంబురుడు ప్రాచీనబర్హి యను రాజు కొలువునకు పోయి, ఆ రాజును స్తుతించి పాడి, అతడిచ్చిన బంగారమును స్వీకరించెను. ఆకాశమార్గమున పోవుచు నారదుడు అతనిని కలిసికొనెను. మిత్రుని వీణకు కొత్తగా కలిగిన బంగారు శోభను చూచి కారణమడిగెను. సంగతి తెలిసిన పిదప నారదుని హృదయము నొచ్చినది. హరిని పాడవలసిన గొంతును నరుని పొగడ్తకు అమ్ముకొనినందుకు భూమిమీద పడుమని శపించెను. తుంబురుడు గగనగతిని కోల్పోయి వేంకటాచలమున ఈ కోనలో పడెను.

ఇచ్చట ఒక సంగతిని భక్తులు జాగ్రత్తగా గమనింపవలెను. తుంబురుడు పాడుట మానలేదు. అతని కంఠమాధుర్యము తగ్గలేదు. శ్రుతి తప్పలేదు, తాళము తప్పలేదు. పాట వెళ్లు దిక్కు మాత్రము మారినది. అంతమాత్రముననే ఆకాశమున తిరుగువాడు అగాధమున పడినాడు. నైపుణ్యము భగవంతుడిచ్చిన ఋణము. దానిని ఆయన సన్నిధికి చేర్చినంతకాలము అది మనుష్యుని పైకెత్తును. ప్రక్కదారి పట్టించిననాడు అదియే బరువై క్రిందికి లాగును.

కోనలో పడిన తుంబురుడు ఏమి చేసెను? ఆ తీర్థమున స్నానము చేసి, శ్రీనివాసుని ధ్యానించుచు, ఆయన గుణములనే పాడుచు కాలము గడపెను. రాతిగోడల నడుమ పలికిన మాట పలికినవాని చెవికే తిరిగి వచ్చును. రాజసభలో పాడినపుడు సభ్యుల కరతాళధ్వనులు అతనికి వినబడినవి. కోనలో పాడినపుడు తన పాట తనకే వినబడినది. తన నోటినుండి వచ్చునదేమో తాను వినుటయే పశ్చాత్తాపమునకు మొదటి మెట్టు. ముక్కోటి పూర్ణిమనాడు భగవంతుడు అతనిని అనుగ్రహించి పూర్వస్థితిని ప్రసాదించెను. నాటినుండి ఆ తీర్థము అతని పేరనే వెలసినది.

చెట్టుతొఱ్ఱలోని కప్ప

రెండవ గాథ తుంబురుని భార్యను గూర్చినది. మాఘమాసమున ప్రాతఃస్నానము చేసి, భగవదారాధనకు తోడ్పడుమని భర్త ఆమెకు చెప్పెను. ఆమె చలికి వెఱచి, సోమరితనముచే ఒప్పుకొనలేదు. అంతట అతడు ఆమెను ఘోణతీర్థ సమీపమున నీరులేని అశ్వత్థవృక్షపు తొఱ్ఱలో కప్పవై యుండుమని శపించెను. అగస్త్యమహర్షి అచటికి వచ్చి శిష్యులకు ఆ తీర్థమహిమను చెప్పునపుడు ఆ మాటలు చెవిని పడినచో శాపము తీరునని అవధి కూడ చెప్పెను.

చాలకాలము గడచినది. ఒకనాడు అగస్త్యుడు శిష్యసమేతుడై వచ్చి, తీర్థమున స్నానమాడి, ఆ రావిచెట్టు నీడను కూర్చుండి, ఆ తీర్థమహిమను వర్ణించి చెప్పెను. తొఱ్ఱలోని కప్ప ఆ మాటలు వినెను. వినినంతనే కప్పరూపము వీడి, స్త్రీరూపమున మహర్షి పాదములపై వ్రాలెను.

ఆ కప్ప తీర్థమునకు ఎంత దగ్గరగా నుండెనో యోచింపుడు. అది నిత్యము ఆ కోనలోనే యుండెను. జలపాతపు హోరు రేయింబవళ్లు దానికి వినబడుచునే యుండెను. ఆ కొండల సౌందర్యము దాని కన్నుల యెదుటనే యుండెను. ఇట్టి సామీప్యముచేత మాత్రమే ముక్తి లభించునట్లైనచో ఆ కప్పకు మొదటినాడే లభింపవలసినది. లభింపలేదు. మహనీయుని ముఖమునుండి భగవన్మహిమ చెవిలో పడిన క్షణముననే లభించినది. నవవిధభక్తులలో శ్రవణమును మొదట చెప్పుటకు కారణము ఇట్టిదే. పరీక్షిన్మహారాజు ఏడుదినములు గంగాతీరమున కూర్చుండెను. ఆయనను తరింపజేసినది శుకయోగి ముఖమున ఆయన వినిన భాగవతకథ.

కొండమీద నివసించువారికిని, ఏటేట కొండకు వచ్చువారికిని, వచ్చినపుడెల్ల తీర్థములన్నియు చుట్టివచ్చువారికిని ఈ కప్పకథ ఒక హెచ్చరిక. తీర్థము ప్రక్కననే యుండి తీర్థఫలము పొందకపోవుట సాధ్యమే.

నీటిచెంతకు పోయిన ఇద్దరు

శ్రవణము మాటలకే పరిమితమైన విద్య కాదు. చెవి తెరిచినవాని జీవితము సేవగా మారును. ఈ కొండల నీటిచెంతకు పోయిన ఇద్దరు మహనీయుల చరిత్ర ఇందుకు నిదర్శనము.

మొదటివారు 11వ శతాబ్దపు తిరుమలనంబి. భగవద్రామానుజులకు వీరు మేనమామ. శ్రీవారి అభిషేకమునకు వీరు ప్రతిదినము పాపవినాశనమునకు నడచిపోయి కుండతో జలము తెచ్చుచుండెడివారు. ఒకనాడు దారిలో ఒక బోయబాలుడు ఎదురై, "తాతా! దాహము వేయుచున్నది, నీళ్లు పోయుము" అని అడిగెను. "నాయనా! ఇది స్వామి అభిషేకజలము, ఇయ్యరాదు" అని నంబి ముందునకు సాగెను. బాలుడు వెనుకనుండి బాణము వేసి కుండకు చిల్లుచేసి ఆ నీరు త్రాగెను. కుండ తేలికయగుట గ్రహించి నంబి వెనుదిరిగి చూచి, వృద్ధాప్యమున మరల అంతదూరము పోవుట ఎట్లని విలపించెను. బాలుడు, "తాతా! చింతింపకుము" అని పలికి కొండపై మరియొక బాణము వేయగా అచటనుండి జలధార వెలువడెను. అదియే ఆకాశగంగ. వచ్చినవాడు స్వామియే యని నంబి పిదప గ్రహించెను. నాటినుండి ఆకాశగంగ జలము శ్రీవారి కైంకర్యమునకు వచ్చుచున్నది. ఏటేట తన్నీరముదు ఉత్సవము ఈ ఘట్టమును స్మరింపజేయుచున్నది.

నంబి ఎన్ని ఏండ్లు ఆ జలపాతమును చూచెనో! కాని ఆయన దానిని చూడబోయినవాడు కాడు, నీరు తేబోయినవాడు. స్వామిచే తాతా యని పిలువబడిన భాగ్యము ఆ దారిలోనే ఆయన చెవులకు లభించినది. ఆ నంబియొద్దనే భగవద్రామానుజులు కొండదిగువన ఒక సంవత్సరము శ్రీమద్రామాయణ రహస్యములను వినినారు. అంతటి ఆచార్యులు కూడ ఒక ఏడు కూర్చుండి వినుటకు సమయము కేటాయించినారని గృహస్థులు గుర్తింపవలెను.

రెండవవారు తరిగొండ వెంగమాంబ (1730-1817). తరిగొండ నృసింహస్వామిని చిన్ననాటనే కొలిచి, తిరుమల చేరి, శ్రీనివాసునకు జీవితమును అర్పించిన మహాభక్తురాలు. ఊరివారి మాటల తాకిడి తగలని ఏకాంతమును కోరి ఆమె తుంబురుకోనకు పోయి తపస్సు చేసినది. ఆమె యున్న గుహను నేటికిని భక్తులు చూపుదురు. ఆమె వేంకటాచల మాహాత్మ్యమును, ద్విపద భాగవతమును రచించినది. శ్రీవారి ఏకాంతసేవలో ఆమె పేర ముత్యాలహారతి నేటికిని జరుగుచున్నది. రాజుకొరకు పాడి గంధర్వుడు పడిన కోననే, హరిని పాడుటకై ఒక వితంతువు వెదకికొని పోయినది. ఒకనికి శిక్షాస్థానమైనది మరియొకరికి తపోవనమైనది.

నేటి యాత్రికుని ధర్మము

నేడు కోనకు పోవువారి చేతిలో కుండ లేదు, ఫోను ఉన్నది. ఛాయాచిత్రము తీసికొనుట పాపమని శాస్త్రమేదియు చెప్పలేదు. ప్రకృతి సౌందర్యమును చూచి సంతసించుటయు దోషము కాదు. ఆ సౌందర్యము భగవద్విభూతియే. కాని కోనలో సినిమాపాటలు మ్రోగించుట, కేకలు వేయుట, జలధార క్రింద వినోదములాడుట జరుగుచున్నచో తుంబురుడు చేసిన తప్పునే అతని తీర్థమునందే మరల చేసినట్లగును. హరికై ఏర్పడిన స్థలమును స్వవినోదమునకు మలచుకొనుటయే ఆ తప్పు. గోవిందనామము పలికినచో ఆ రాతిగోడలు గోవిందనామమునే తిరిగి వినిపించును; ఏది పలికిన అదియే తిరిగి వచ్చును.

కోన ఒక్క యాత్రికులదే కాదు. శేషాచల అరణ్యము 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతముగా ప్రకటింపబడినది. ఎఱ్ఱచందనమునకు ఈ కొండలు పుట్టినిల్లు. దేవాంగపిల్లి, బెట్టుడుత మున్నగు జీవములకు ఇది ఆశ్రయము. ఒక ప్లాస్టిక్ సంచిలో అన్నపు మెతుకులు మిగిల్చి పారవేసినచో దానిని మ్రింగు జింకయో, కోతియో ప్రాణము కోల్పోవచ్చును. తిరుమలలో 2022 జూన్ 1 నుండి ప్లాస్టిక్ నిషేధము పూర్తిగా అమలునకు వచ్చినది. అధికారి చూచుచున్నాడను భయముచేత కాక, స్వామి కొండ యను భక్తిచేత ఈ నియమమును పాటించుట యాత్రాంగమే. ఖాళీచేతులతో పోయినవారు మరలునపుడు పరులు పారవేసిన చెత్తను కొంత మోసికొని వచ్చినను అది తిరుమలనంబి కుండవంటి కైంకర్యమే యగును.

నీటికి దయ యెంతయో ఉగ్రత కూడ అంతయే. 2021 నవంబరు వర్షములకు శ్రీవారిమెట్టు నడకదారి కొట్టుకొనిపోయి, మరమ్మతుల పిమ్మట 2022 మే మాసమున గాని తిరిగి తెరువబడలేదు. ఆ వర్షములలోనే కపిలతీర్థపు ధార భీకరరూపము దాల్చినది. ఇరుకైన కోనలో ఎగువన కురిసిన వాన నిమిషములలో వరదయై దిగును. తప్పుకొనుటకు గట్టు ఉండదు. కావుననే అనుమతి లేని దినములలో అడవిలో ప్రవేశింపరాదు. ముక్కోటి దినమున సైతము హృద్రోగులు, ఉబ్బసము కలవారు, శరీరదార్ఢ్యము లేనివారు రావద్దని దేవస్థానమువారు కోరుచున్నారు. ఇది భక్తికి అడ్డుపడుట కాదు. శరీరము ధర్మసాధనము, స్వామి ఇచ్చిన దానిని సాహసమునకు ఒడ్డుట సేవ కానేరదు.

ఇచ్చట అనేక గృహములలో ఒక వేదన కలుగుచుండును. ఇంట వృద్ధమాత యుండును. "నాయనా! ఒక్కసారి తుంబురుతీర్థములో మునిగి వచ్చినచో చాలును, పిదప ఏమైనను చింత లేదు" అని కుమారుని అడుగుచుండును. ఆమె మోకాళ్లు మెట్లు దిగనీయవు, వైద్యుడు నడువవద్దనును. కుమారుడు కాదనలేడు, ఔననలేడు. అట్టి ఇంటికి ఆ చెట్టుతొఱ్ఱలోని కప్పయే సమాధానము చెప్పుచున్నది. ఆమెను నీరు తరింపజేయలేదు. తొఱ్ఱలో నీరే లేదు. కదలలేని స్థితిలో ఉన్నచోటనే వినిన మాట తరింపజేసినది. ఆ కుమారుడు ముక్కోటి పూర్ణిమనాడు తల్లి ప్రక్క కూర్చుండి, దీపము వెలిగించి, వేంకటాచల మాహాత్మ్యమునందలి ఘోణతీర్థ ఘట్టమును చదివి వినిపించునుగాక. మనుమలను కూడ కూర్చుండబెట్టునుగాక. ఆనాడు ఆ గృహమే అగస్త్యుడు కూర్చుండిన రావినీడ యగును.

వినుట చాలునన్నచో నడిచి పోవుట ఏల యని శంకింపవచ్చును. పోగలిగినవారు తప్పక పోవలెను. శక్తి కలిగియు సోమరితనముచే స్నానము మానినందుకే కదా గంధర్వపత్ని కప్పయైనది. శక్తి కలవానికి నడక సేవ. శక్తి లేనివానికి శ్రవణమే నడక. పోయినవారు మాత్రము కోన ప్రవేశింపగానే కొంతసేపు మాట మాని, నీటి సవ్వడిలో స్వామి నామమును స్మరించి, పిదప మునుగవలెను. అప్పుడు ఇంటికి వచ్చి "ఏమి వింటిమి" అని చెప్పుకొనుటకు వారియొద్ద ఒక మాట యుండును. వినుటకు ఎదురుచూచు తల్లికి అదియే తీర్థప్రసాదమగును.

పడిన గంధర్వునకు పాటను తిరిగి ఇచ్చినవాడును, వృద్ధుడైన నంబిని తాతా యని పిలిచినవాడును అగు శ్రీనివాసుడు భక్తజనుల చెవులను తన కథలకును, వారి చేతులను తన కైంకర్యమునకును సుముఖము చేయునుగాక!